రంగం కత్తి

తుప్పనుకుని గీకేశాను. స్టీల్‌ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, ఉక్కు సంగతి నాకొకరు చెప్పాలా అన్న పొగరు. పూర్ణా మార్కెట్ వైపు ఓ పాత సామాన్ల కొట్లో, ఇత్తడి బిందెల వెనక దొరికింది ఆ కత్తి. 1800 రూపాయలకి ఇచ్చాడు కొట్టువాడు. ఇంటికి తెచ్చి ఎమరీ కాగితంతో రుద్దితే నలుపు పోయింది. దాంతోపాటే అలుగు మీద వెండితో అద్దిన బొమ్మ ఒకటి సగం లేచిపోయింది. ఎవరో ఆడమనిషి. కుడిచెయ్యి ఇప్పుడు లేదు. ఆ నలుపు తుప్పు కాదనీ, వెండి బొమ్మలు తేటగా కనబడాలని కావాలనే పట్టించిందనీ తర్వాత తెలిసింది.

పిడి దగ్గర నాలుగు గుండ్రటి అంకెలు బయటపడ్డాయి. అచ్చం తెలుగంకెల్లా ఉన్నాయి. కూడబలుక్కుంటే 1286 అని తేలింది. ఫసలీ సంవత్సరం అనుకున్నాను. 590 కలిపితే 1876. ఇంకేం, విజయనగరం సంస్థానం! జమీందారీ లెక్కలన్నీ ఫసలీలోనేగా. హాల్లో గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ రాజుగారి కత్తని చెప్పాను. నాలుగోసారి చెప్పేటప్పటికి కథలోకి ఒక దివాన్‌గారు కూడా వచ్చి చేరారు.

షిప్పుల్లో పనిచేసిన మా తోడల్లుడొక్కడే నమ్మలేదు. సుమత్రాలో బటక్ వాళ్ళ కత్తేమో అన్నాడు. వాళ్ళ పీసో పొడాంగ్‌కి పిడి చివర గిన్నెలా ఉంటుంది, పిడికీ అలుగుకీ మధ్య అడ్డకమ్మీ ఉంటుంది. దీనికి రెండూ లేవు. గుండ్రటి పిడి, కాస్త వంపు తిరిగిన ఒంటిపదును అలుగు, అంతే. మన రాచకత్తులకీ అడ్డకమ్మీ ఉంటుంది కదా అని అప్పుడే తట్టింది. తట్టినా నోరు విప్పలేదు.

చివరికి కంచరపాలెం బర్మా క్యాంపులో నూడుల్స్ బండి పెట్టుకున్న ముసలావిడకి ఫోన్లో ఫొటో చూపించాను. 1964 తర్వాత బర్మా నుంచి వచ్చేసిన కుటుంబం. కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది.

"ఇవి మన అంకెలు కావు బాబూ, బర్మావి. ఇది దా, బర్మా కత్తి. ఆళ్ళ లెక్కకి ఆరొందల ముప్ఫై ఎనిమిది కలుపుకోవాల."

1924.

"మీవోళ్ళెవరైనా రంగం ఎల్లారేటి?"

"లేదమ్మా" అన్నాను.

వెళ్ళాడు. మా తాత. విశాఖకి అప్పటికింకా హార్బరు లేదు, 1933లో గానీ రాలేదు. పడవలో వెళ్ళి, దూరంగా లంగరేసిన స్టీమరెక్కి పోయి, రంగం రేవులో, అదే రంగూన్ రేవులో, బస్తాలు మోశాడు. అక్కడ మనవాళ్ళని కొరంగీలనేవారు, తిట్టినట్టే. 1930 మేలో రేవులో తెలుగు కూలీలు సమ్మె కడితే బర్మా కూలీలని పెట్టుకున్నారు. సమ్మె తేలి మనవాళ్ళు మళ్ళీ పనిలోకొచ్చేసరికి గొడవలు రేగాయి, ఎందరో చచ్చిపోయారు. అప్పుడు లేచిన కత్తులూ ఇలాంటివే. తాత ఆ ఊసే ఎత్తేవాడు కాదు. 1942లో జపాన్‌వాళ్ళు రంగూన్‌లోకి వస్తే, అందరితోపాటు అడవులకడ్డంపడి నడిచొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మాత్రం, మా తాతకి రంగంలో కలప వ్యాపారం ఉండేదని చెప్పుకునేవాణ్ణి.

కత్తి ఇంకా హాల్లోనే ఉంది. దివాన్‌గారు మాత్రం ఇప్పుడు రావడం లేదు. మొన్న ఆదివారం పక్క ఫ్లాటు పిల్లాడు వచ్చి, చెయ్యి లేని బొమ్మ మీద వేలుపెట్టి, "ఈ కత్తి ఎవరిది తాతా?" అన్నాడు.

"1924 నాటిది" అన్నాను. వాడడిగింది అది కాదు.