అంటువ్యాధి కాలంలో ఆయాసరోగి హక్కు

మనిషి రోజుకు సుమారు 20 వేల సార్లు శ్వాస తీసుకుంటాడు. అందులో ఒక్కదానికీ మనం వెల చెల్లించడం లేదు, లెక్క కూడా పెట్టుకోవడం లేదు. ఆ అనుగ్రహం విలువ తెలియాలంటే ఉబ్బసం ముదిరిన వారిని అడగాలి. అర్ధరాత్రి మంచంపై లేచి కూర్చుని, పిల్లికూతల మధ్య ఒక్క నిండు ఊపిరి కోసం పెనుగులాడేవారికి తెలుసు, గాలి ఎంత గొప్ప భాగ్యమో.

రోగిని పరామర్శించటం అతని పట్ల మనం నెరవేర్చవలసిన హక్కు అని ఇస్లాం నేర్పింది. అంటువ్యాధి ప్రబలినప్పుడు దూరంగా ఉండమని కూడా ఇస్లామే నేర్పింది. మరి ఈ రెండు బోధనలు ఒకే ఇంటి గుమ్మం దగ్గర ఎదురుపడితే మనం ఏం చేయాలి? కరోనా కాలంలో మనందరి ముందుకూ వచ్చిన ఈ ప్రశ్న ఆ కాలంతోనే ముగిసిపోలేదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. కోనసీమ అప్పటికింకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది. గోదావరి పాయల మధ్య ఉన్న ఈ సీమలో వానాకాలం గోడలకు చెమ్మ, బూజు. ఏడాది పొడవునా కొబ్బరి పీచు ధూళి, మట్టలు తగలబెట్టిన పొగ. ఇవన్నీ ఆయాసాన్ని రేపేవే. రాజోలు, కొత్తపేట వైపు పల్లెల్లోని రోగి నిపుణుడైన వైద్యునికి చూపించుకోవాలంటే అమలాపురమో, రాజమండ్రో, కాకినాడో వెళ్ళవలసిందే. బస్సులు ఆగిపోయాయి. గల్ఫ్‌లో పనిచేస్తున్న కొడుకులకు ఇంటికి వచ్చే దారి లేదు.

అన్నిటికంటే బాధాకరమైనది మరొకటుంది. అంతవరకు దగ్గు ఒక జబ్బు. ఆ తర్వాత దగ్గు ఒక నేరమయిపోయింది. ఏళ్ళ తరబడి ఆయాసంతో బాధపడుతున్న వ్యక్తి దగ్గితే ఇరుగుపొరుగు తలుపులు మూసుకునే పరిస్థితి. ఆ చూపులకు భయపడి దగ్గును అణచుకున్నవాడు, వైద్యుని దగ్గరికి వెళ్ళడానికి కూడా జంకుతాడు. ఉబ్బసంలో ఆలస్యం ప్రాణాంతకం కాగలదు.

వైద్యులు ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నారో గమనించండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడితే రోగనిరోధక శక్తి తగ్గి కరోనా సోకుతుందేమోనన్న భయం తొలి రోజుల్లో ఉండేది. మందు ఆపవద్దని నిపుణులు స్పష్టంగా చెప్పారు. ఇన్‌హేలర్‌లోని మందు కొద్ది మోతాదులో నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది. అది ఆపితే ఆయాసం తిరగబడుతుంది. అప్పుడు ఆసుపత్రికే పరుగెత్తాలి. వ్యాధి సోకే ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే. నెబ్యులైజర్ ఆవిరితో వైరస్ గదిలోకి వ్యాపించవచ్చు కనుక, వీలైన చోటల్లా ఇన్‌హేలర్‌కు స్పేసర్ గొట్టం తగిలించి వాడమన్నారు. గట్టిగా ఊది చేసే శ్వాస పరీక్షలు వాయిదా వేశారు. ఫోన్‌లోనే రోగి మాట విని, ఎన్ని మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగుతున్నాడో గమనించి సలహా చెప్పారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2020 ఏప్రిల్‌లో 14410 నంబరుతో టెలీమెడిసిన్ సేవను ప్రారంభించింది. బ్రిటన్‌లో తీవ్ర ఉబ్బసం ఉన్నవారిని ఇల్లు కదలవద్దని చెప్పినప్పుడు, అవసరమైన వారికి ఆహారం పొట్లాలను ప్రభుత్వమే ఇంటికి పంపింది.

అంటే సేవ ఆగలేదు, దాని రూపం మారింది. మన ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది.

ప్లేగు ప్రబలిన ప్రాంతంలోకి వెళ్ళవద్దనీ, మీరున్న చోట అది వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరినప్పుడు అక్కడ ప్లేగు ఉందని తెలిసి, సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. ఇది దైవ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయం వైపుకే పోతున్నామన్నది ఉమర్ (రజి) సమాధానం. ఆ అబూ ఉబైదా (రజి) తన మనుషుల మధ్యనే ఉండిపోయి, హిజ్రీ 18లో అమ్వాస్ ప్లేగులో మరణించారు. దూరంగా ఉండవలసినవారు దూరంగా ఉన్నారు. ఉన్నచోటే ఉండవలసినవారు తమవారిని విడిచిపెట్టలేదు.

ప్రళయదినాన అల్లాహ్, తాను వ్యాధిగ్రస్తుడై ఉండగా పరామర్శించలేదేమని దాసుణ్ణి నిలదీస్తాడని హదీసులో ఉంది. సర్వలోక ప్రభువుకు వ్యాధి ఏమిటని దాసుడు విస్తుపోతాడు. ఫలానా దాసుడు జబ్బుపడితే నీవు వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే అతని దగ్గర నన్ను పొందేవాడివి అన్నది అల్లాహ్ జవాబు సారాంశం. ‘ఆ రోజుల్లో లాక్‌డౌన్ ఉంది ప్రభూ’ అని మనం చెప్పుకోవచ్చు. గుమ్మం దాటకపోవడానికి ఆ కారణం సరిపోతుంది. కాని ఫోన్ చేయకపోవడానికి సరిపోతుందా? అయిపోతున్న ఇన్‌హేలర్ తెచ్చి గుమ్మం ముందు పెట్టకపోవడానికి సరిపోతుందా?

అవసరం లేకున్నా మందు కొని దాచుకోవడం గురించి కూడా ఆలోచించాలి. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాను ఆపుతుందన్న ఆశతో జనం దుకాణాలపై పడ్డారు. కీళ్ళవాతం, లూపస్ రోగులు నిత్యం వాడే మందు అది. వారికే దొరకని పరిస్థితి వచ్చింది. భయంతో మన అల్మరాలో పెట్టుకున్న డబ్బా మరొకరి ప్రాణాధారం కావచ్చు. ఇది దాసుల హక్కుకు సంబంధించిన విషయం.

ఆ సంవత్సరం రమజాన్ కూడా లాక్‌డౌన్‌లోనే వచ్చింది. ఇన్‌హేలర్ పీలిస్తే ఉపవాసం భంగమవుతుందా లేదా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. కాని వ్యాధిగ్రస్తులు ఉపవాసాన్ని వేరే రోజులకు వాయిదా వేసుకోవచ్చన్న సడలింపును స్వయంగా దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకోవడం విశ్వాసానికి లోటు కాదు. ఇంట్లోని పెద్దలు ‘లోకులేమనుకుంటారో’ అని మందు మానేస్తుంటే, వారికి నచ్చజెప్పడం పిల్లల బాధ్యత.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మనం మాస్కులు తీసేశాం. మహమ్మారి తొలి ఏడాదిలో ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరినవారి సంఖ్య చాలా దేశాల్లో తగ్గింది. మాస్కుల వల్ల, జనం దూరం పాటించడం వల్ల జలుబులు తగ్గాయి, వాహనాల పొగ తగ్గింది, రోగులు మందు క్రమం తప్పకుండా వాడారు. మనం మన కోసం తీసుకున్న జాగ్రత్త, మనకు తెలియకుండానే వారికి ఊపిరిపోసింది. తెలియక చేసిన ఆ మేలును ఇప్పుడు తెలిసి చేయలేమా?

పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. తోటివారికి ఇబ్బంది కలుగుతుందని. వాసన విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, తోటివాని ఊపిరి విషయంలో ఊరుకుంటుందా? కనుక జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఆయాసరోగి దగ్గరికి వెళ్ళకండి, ఫోన్‌లో పలకరించండి. వారున్న గదిలో ఊదుబత్తి, సాంబ్రాణి వెలిగించకండి. పెరట్లో మట్టలు తగలబెట్టే ముందు గాలి ఎవరి ఇంటివైపు వీస్తుందో చూడండి. ఇన్‌హేలర్ అయిపోకముందే మరొకటి తెచ్చి ఉంచండి.

ఒకరి శ్వాసను కాపాడటానికి కొన్నిసార్లు దగ్గరికి వెళ్ళాలి, కొన్నిసార్లు దూరంగా నిలబడాలి. ఎక్కడ నిలబడినా మన చెవి వారి గుమ్మం వైపే ఉండాలి. తోటి దాసుల కష్టాన్ని గుర్తించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.