అంజూరపు పండ్ల ముద్ద



హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో పడియున్నప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చి మొరపెట్టుకొన్న సంగతి రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయములో మనమెరుగుదుము. దేవుడు విని మరి 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనన్నాడు. అయితే ఆ వర్తమానము తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. వాగ్దానము వచ్చాక మందెందుకని ఆ ఇంట ఎవరూ అడుగలేదు. అడిగినవారము మేమే.

మా సంఘములో ఒక సహోదరునికి బుగ్గలోపల పుండు లేచింది. ఖర్రా నమిలే అలవాటు. పొగాకు, వక్క, సున్నము కలిపి రుద్ది అమ్మే ఆ ఖర్రా గడ్చిరోలి జిల్లాలో తెలియని ఊరు లేదు. 2012లో మహారాష్ట్రలో గుట్కా నిషేధించినా నమలుట ఆగలేదు. పెద్దలమైన మేము చేతులుంచి ప్రార్థించి, విశ్వాసముతో కనిపెట్టుమన్నాము. నాలుగు నెలలు గడిచాయి. నోటిలో రెండు వేళ్లు కూడ పట్టనప్పుడు గాని ప్రయాణము మాట ఎత్తలేదు. ప్రార్థించుట తప్పు కాదు, నోరు తెరిపించి చూడకపోవుట తప్పు. మూడు వారములైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడితే డాక్టరుకు చూపవలెను. పొగాకు లేని వట్టి వక్క కూడ క్యాన్సరు కలిగించునని నిపుణులు తేల్చి చాలా ఏండ్లైనది.

మాకు జిల్లా కేంద్రమే 200 కిలోమీటర్ల దూరము. 1947లో మొదలైన నాగపూరు ప్రభుత్వ వైద్య కళాశాల, సేవాగ్రాములోని కస్తూర్బా ఆసుపత్రి ఇంకా అవతల. గోదావరి దాటిపోతే హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. అక్కడ భాష మనదే, మన కాగితములు మాత్రము మరాఠీలో!

ఒక బోధనాసుపత్రిలో చేర్చాము. అయిదారుగురు కుర్ర డాక్టర్లు వరుసగా నోరు చూస్తుంటే, నన్ను బొమ్మను చేశారని అతడు బాధపడ్డాడు. టీచరు ట్రైనింగులో వెనుక బెంచీమీద కూర్చుని పెద్ద మాస్టరుగారి పాఠము చూచి నేర్చుకొన్నవారము గనుక మేము నచ్చజెప్పాము. నేర్చుకొనేవారు చుట్టూ ఉంటే పెద్ద డాక్టరు ప్రతి సంగతి విడమరచి చెప్పవలసి వచ్చును, రోగికీ అది వినబడును.

ఆపరేషను అయ్యాక రేడియేషను. వారమునకు అయిదు దినములు, ఆరు వారములు. పెట్టేది కొద్ది నిమిషములే, మిగిలిన దినమంతా ఎక్కడ ఉండాలి? నోరంతా పూసి జావ తప్ప దిగదు. మూడవ వారములో మానుకొని ఇంటికి వస్తానన్నాడు. మధ్యలో మానితే చేసినదంతా పాడగును. అప్పుడు ఆ పట్టణములో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమువారు తమ ముందుగది ఇచ్చారు. ఆ ఇంటి తల్లి రోజూ రాగిజావ వడకట్టి ఇచ్చేది. ముప్పది దినములూ పూర్తిచేసి వచ్చాడు. ఇప్పుడు నోరు పూర్తిగా తెరుచుకోదు, పాట పాడలేడు, తాళము వేస్తాడు.

పక్షవాయువుగలవానిని మోసిన నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. ఆ ఇంటి కప్పు మరల ఎవరు వేయించారో కూడ వ్రాయలేదు. నాగపూరు, చంద్రపూరు, బల్లార్షా, హైదరాబాదు సంఘములవారిని మేము అడుగుచున్నది ఇదే: ఆరు వారములు ఒక మంచము, రెండు పూటల జావ. ఇవ్వగలవారు మీ పాస్టరుగారికి పేరు చెప్పండి.

ఇక్కడ నెలకొక ఆదివారము ఆరాధన అయ్యాక ఒక నర్సమ్మగారు టార్చిలైటుతో అందరి నోళ్లు చూస్తున్నారు. మొదట పెద్దలమే కూర్చున్నాము. మాలో ఇద్దరి జేబుల్లో ఖర్రా పొట్లములు బయటపడ్డాయి.