కట్ట ఎవరిది?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 21:1-9, 22:8



వర్షాకాలము సమీపించుచున్నది. మన చెరువులలో అనేకము తాతల కాలమునకు ముందువి. తూము తలుపు తుప్పుపట్టినదనియు, కట్టమీద తుమ్మలు మొలిచినవనియు, అలుగు కాలువలో ఎవరో మడి కట్టిరనియు మనకు తెలియును. అడిగినయెడల సర్కారు చెరువందుము. సర్కారువారు నీటి సంఘమును చూపుదురు. సంఘమువారు నిధులు లేవందురు. ఇందులో ఎవరును అబద్ధమాడుట లేదు. అయినను కట్ట బలహీనమగుచునే యున్నది.

పూర్వము వానరాత్రులలో నీరుగంటి కట్టమీద తిరుగుచుండెడివాడు. ఊరివారు అతనికి కళ్లములో ధాన్యము కొలిచి యిచ్చెడివారు. మన సంఘములలోని పలువురి తాతలు ఆ పని చేసినవారే. ఇప్పుడు ఆ పని ఎవరిది?

2024 జూలై 18న అశ్వారావుపేట మండలములోని పెద్దవాగు ఆనకట్టకు గండి పడెను. ఆనకట్ట తెలంగాణలోనిది; దాని ఆయకట్టులో ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశ్‌లోనిది. రెండు ప్రభుత్వములకు చెందినదైనను అది తెగెను. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ఆనకట్ట తెగినప్పుడు దాని ఐదు గేట్లలో ఒకటి పనిచేయుట లేదు. దిగువ గ్రామములలో అనేకులు కొట్టుకొనిపోయిరి.

ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ పెట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పెను. అప్పటికి ఎవడును పడలేదు. అయినను గోడ లేకపోవుటయే దోషమునకు కారణమగునని దేవుడు హెచ్చరించెను. గాని మిద్దెకు యజమానుడు ఒక్కడే. చెరువుకట్ట వందమంది రైతులది, ఒక కార్యాలయముది. అందరిదైన దానికి ఎవడు లెక్క చెప్పును?

ఆ ముందటి అధ్యాయము చూడుడి. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు మిక్కిలి సమీపమో ఆ ఊరి పెద్దలే దేవుని యెదుట నిలువవలెను. వారు చంపలేదు. అయినను దోషి తెలియనంతమాత్రమున ఆ రక్తము ఎవరికిని సంబంధించనిదై పోలేదు. మన చెరువునుండి అట్లే కొలిచినయెడల దగ్గర హైదరాబాదా, అమరావతియా, లేక ప్రతిదినము ఆ కట్టమీద పశువులను తోలుకొనిపోవు మనమా?

మరియొక మాట. నీరు మరికొంత నిలువవలెనని అలుగుమీద ఇసుకబస్తాలు పేర్చువారు మనలోనే యున్నారు. పైరు దక్కును, నిజమే. గాని పెద్దవాన కురిసిన రాత్రి అలుగు దాటవలసిన నీరు మట్టికట్టమీద పొర్లును; మట్టి దానికి ఓర్వదు. దిగువ పాలెమువారిని మనము అడిగితిమా? లాభము మనది, ఒడ్డినది వారి ప్రాణము.

కట్ట దిగువన ఊట తేటగా నున్నను కనిపెట్టి యుండవలెను. అది బురదగా మారినయెడల లోపల మట్టి కొట్టుకొనిపోవుచున్నదని తెలిసికొనుడి. పందికొక్కు బొరియయో, కుళ్లిన చెట్టువేరో దారి యిచ్చియుండును. తహశీలుదారుకు, నీటిపారుదల శాఖవారికి వెంటనే తెలుపవలెను. అంతకంటె ముందు దిగువవారిని లేపవలెను. అందుకు దేవాలయపు గంట కొట్టవచ్చునని సంఘపెద్దలు ఈ నెలలోనే తీర్మానించినయెడల, ఆ రాత్రి ఎవరును అనుమతికొరకు పరుగెత్తనక్కరలేదు.