అంచెలంచెలుగా

రిలే అనే మాట వినగానే తెలుగువాడికి పరుగు పందెం కంటే ముందు నిరాహారదీక్ష గుర్తొస్తుంది. బస్టాండు పక్కన షామియానా, మెడలో దండలతో కూర్చున్న అయిదారుగురు, వెనకాల బ్యానరు మీద "నేటికి 100వ రోజు" అన్న అక్షరాలు. 2009 డిసెంబరు తర్వాత తెలంగాణ ఊళ్ళలో చూశాం, 2013లో సీమాంధ్రలో చూశాం, 2019 డిసెంబరు నుంచి అమరావతి పల్లెల్లో చూశాం. ఎవరు ఏ పక్షమన్నది ఇక్కడ అప్రస్తుతం. నూరో రోజున కూర్చున్నవాడు తొంభైతొమ్మిది రోజులుగా పస్తులున్నవాడు కాడు. బహుశా ముందురోజు రాత్రి ఇంట్లో సుబ్బరంగా భోంచేసి వచ్చినవాడే. అయినా ఆ బ్యానరు అబద్ధం ఆడటం లేదు. ఆ లెక్క మనిషిది కాదు, శిబిరానిది. 1952లో పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు దీక్ష చేసి ప్రాణాలు వదిలారు. అవి ఒక్క దేహం మోసిన రోజులు. ఈ రెండు లెక్కలూ వేరని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అటువంటిది, మన పిల్లల విషయంలోనూ, మన సొంత జీవితాల విషయంలోనూ మాత్రం శిబిరం లెక్కని మనిషి లెక్కగా రాసేసుకుంటాం. ఎందుకని?

ఈ ప్రశ్న నాకు ఆక్లండ్‌లో ఒక బడిపిల్లల పరుగు పందెం దగ్గర పట్టుకుంది. ఏప్రిల్, మే నెలలంటే మనకి రోహిణి కార్తె దగ్గరపడే ఎండలు. న్యూజిలాండ్‌లో అప్పుడు ఆకులు రాలే కాలం, క్రాస్ కంట్రీ పరుగులు మొదలయ్యే కాలం. గీతలు గీసిన మైదానంలో కాదు, గడ్డిలో, బురదలో, గట్లెక్కి దిగుతూ పరిగెత్తాలి. కుందేలు వెంటపడే వేటకుక్కల పేరు మీద దీన్ని పూర్వం 'హారియర్స్' అనేవారు. ఇక్కడి పాత క్లబ్బుల పేర్లలో ఆ మాట ఇంకా ఉంది. జూన్‌లో దేశం మొత్తం మీది హైస్కూలు పిల్లలకి పోటీలుంటాయి. వాటికి ముందు ఒళ్ళు వంగడానికన్నట్టు చిన్నచిన్న పందాలు పెడతారు. నేను చూసింది అటువంటి రిలే. జట్టుకి నలుగురు, ఒక్కొక్కరు రెండు కిలోమీటర్లు. చేతికర్ర లేదు. పరిగెత్తి వచ్చినవాడు, నిలబడి ఉన్నవాడి చెయ్యి తాకితే చాలు.

మా అమ్మాయి పందెం అయిపోయింది, అబ్బాయిల పందెం నడుస్తోంది. నా పక్కన నిలబడ్డ తండ్రి కూడా మనవాడే, గుంటూరు వైపు మనిషి. వాళ్ళబ్బాయి జట్టులో రెండోవాడు. ఆ కుర్రాడు నాలుగో స్థానంలో అందుకుని, ఇద్దర్ని దాటి, రెండో స్థానంలో అప్పజెప్పాడు. మూడోవాడు కాస్త బొద్దుగా ఉన్న పిల్లాడు. గట్టు ఎక్కలేక, దాదాపు నడిచినంత పని చేసి, తొమ్మిదో స్థానంలో తెచ్చి ఇచ్చాడు. జట్టు చివరికి ఎనిమిదో స్థానంలో తేలింది.

"చూశారా అండీ, మావాడు కష్టపడి తెచ్చింది ఆ పిల్లాడు బురదలో కలిపేశాడు. ఇదెక్కడి న్యాయం?" అన్నాడాయన.

కొట్టిపారేయవలసిన మాట కాదిది. మనలాంటివాళ్ళకి మరీను. మనం ర్యాంకుల్లోంచి వచ్చినవాళ్ళం. మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు ఒక్కడిదే. పక్క బెంచీవాడు తక్కువ రాశాడని నా ర్యాంకు తగ్గేది కాదు. అసలు పక్కవాడు తప్పితేనే మనకి లాభం. ఎవరి కర్మ వారిది అన్న నమ్మకంలో ఒక నిబ్బరం ఉంది. చేసినంత దక్కుతుంది, చేసినవాడికే దక్కుతుంది. రిలే వచ్చి ఆ నిబ్బరాన్ని పాడుచేస్తుంది. ఒకడు చేసింది ఇంకొకడు అనుభవిస్తాడు. మంచైనా, చెడైనా.

అయితే ఆ తండ్రి లెక్కలో మొదటి అంకెనే తీసి చూద్దాం. "మావాడు తెచ్చిన రెండో స్థానం." దాంట్లో వాళ్ళబ్బాయిది ఎంత? చెయ్యి తగిలేటప్పటికి జట్టు నాలుగో స్థానంలో ఉంది. అక్కడిదాకా తెచ్చింది మొదటివాడు. అతను పన్నెండో స్థానంలో తెచ్చి ఉంటే, ఇదే కుర్రాడు ఇదే కాళ్ళతో పదో స్థానంలో అప్పజెప్పేవాడు. అప్పుడు "మావాడి రెండో స్థానం" అన్న మాటే ఉండదు. ఆ కుర్రాడికి నిజంగా సొంతమైనది తన రెండు కిలోమీటర్లకి పట్టిన సమయం. ఏడు నిమిషాల చిల్లర. దాన్ని బొద్దుగా ఉన్న పిల్లాడు కాదుకదా, బ్రహ్మదేవుడు కూడా బురదలో కలపలేడు. స్థానం మాత్రం ఎప్పుడూ నలుగురిదే. నష్టం వచ్చినప్పుడు మూడోవాడి వాటాని వేలెత్తి చూపే మనం, లాభం వచ్చినప్పుడు మొదటివాడి వాటాని మన జేబులో వేసుకుంటాం. న్యాయం అడిగేవాడు రెండు వైపులా అడగాలి కదా.

ఇంకొక సంగతి. ఆ పిల్లాడు లేకపోతే అసలు జట్టే లేదు. ముగ్గురు చిరుతపులులున్నా నాలుగోవాడు లేకుండా వరసలో నిలబడనివ్వరు. నలుగురు అనే అంకెకి మన భాషలో ఉన్న బరువు చూడండి. నలుగురిలో పరువు, నలుగురితో నారాయణా, చివరికి మోయడానికి నలుగురు. పాడె మోసేటప్పుడు ఎవరి భుజం గట్టిది అని ఎవరూ కొలవరు.

సమష్టి లెక్కలో ఉన్న గౌరవం ఈ దేశానికి బాగా తెలుసు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గ్ ఒకే సాయంత్రం రెండు బంగారు పతకాలు తెచ్చారు. ఇద్దరూ ఆర్థర్ లిడియార్డ్ శిష్యులే, ఆక్లండ్ పడమటి కొండల్లో ఇరవై రెండు మైళ్ళ దారిన ఆదివారాలు గుంపుగా పరిగెత్తినవాళ్ళే. ఆ కథ అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది 1975 నాటిది. మొరాకోలోని రబాత్‌లో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో మగవాళ్ళ జట్టు బంగారం న్యూజిలాండ్‌ది. మొదటి ముగ్గురిలో మాత్రం ఒక్క న్యూజిలాండ్ మనిషి లేడు. జాన్ వాకర్ నాలుగోవాడిగా వచ్చాడు. అప్పట్లో జట్టుకి ఆరుగురి స్థానాలు కలిపి లెక్కవేసేవారు, మొత్తం ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అంటే అక్కడ జట్టుని గెలిపించేది మొదటివాడు ఎంత ముందున్నాడన్నది ఒక్కటే కాదు, ఆరోవాడు ఎంత వెనకబడలేదన్నది కూడా.

సరే, ఎదుటి వాదన కూడా వినాలి. ఇలా అయితే చేతగానితనానికి, బద్ధకానికి రిలే ఒక గొడుగు కాదా? సాధనకి రాకుండా ఇంట్లో పడుకుని, పందెం రోజున "మనమంతా జట్టే కదా" అనేవాడి మాటేమిటి? ఇక్కడ నేను ఆ తండ్రి పక్షమే. ఒంటరి పందెంలో బద్ధకం వాడి సొంత డబ్బు పోగొట్టుకోవడం. రిలేలో బద్ధకం పక్కవాడి డబ్బుతో జూదం. కాబట్టి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. కానీ నెమ్మదిగా పరిగెత్తడం వేరు, పరిగెత్తకపోవడం వేరు. గట్టు మీద ఆ పిల్లాడి మొహం చూసినవాళ్ళెవరూ వాడు దాచుకున్నాడని అనలేరు. ఉన్నదంతా పెట్టాడు. ఉన్నది తక్కువ, అంతే. తక్కువ ఉండటం నేరం కాదు, ఉన్నది పెట్టకపోవడం నేరం. ఈ రెంటినీ కలిపేసినచోటే బలహీనుల మీద కోపం న్యాయంలాగా కనిపించడం మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాత తెలుగులో తపాలాని 'అంచె' అనేవారు. కన్నడంవాళ్ళు ఇప్పటికీ పోస్టాఫీసుని 'అంచె కచేరి' అంటారు. ఒకడు సంచీ భుజాన వేసుకుని కొంతదూరం పరిగెత్తి ఇంకొకడికి అందించేవాడు, అతను మరొకడికి. ఉత్తరం ఊరు చేరేది కానీ, మోసినవాళ్ళలో ఎవడూ మొత్తం దారి నడిచేవాడు కాదు. అంచె అంటే అచ్చంగా రిలేయే. అటువంటి మాటని మనమేం చేశాం? "అంచెలంచెలుగా ఎదిగాడు" అంటున్నాం. తెలుగు సంఘాల సంచికల్లో, సన్మానపత్రాల్లో, ఎన్.ఆర్.ఐ.ల పరిచయాల్లో ఈ మాట లేని పేజీ ఉండదు. ఎన్నో కాళ్ళు ఒక సంచీని మోసిన మాట, ఒక్కడు మెట్లెక్కిన మాటగా మారిపోయింది.

నా దారిలో మొదటి అంచె మా అక్కది. నాన్న ఎరువుల కొట్లో గుమాస్తా. అక్కకి పాలిటెక్నిక్‌లో సీటొచ్చిన ఏడాదే నన్ను కోచింగుకి హాస్టల్లో వెయ్యాల్సి వచ్చింది. ఇద్దరికీ కట్టే స్తోమత లేదు. అక్క ఆగిపోయింది. కుట్టుమిషను కొని జాకెట్లు కుట్టింది, రెండేళ్ళు నా హాస్టలు బిల్లులో సగం ఆ మిషను మీదే వచ్చింది. నా ఎంసెట్ ర్యాంకు కార్డు మీద ఒక్క పేరే ఉంది.

ఇక్కడ రిలే పోలిక కాస్త ప్రమాదకరం కూడా అని ఒప్పుకోవాలి. ఆక్లండ్ పిల్లలు పేరు ఇచ్చి, ఇష్టపడి వరసలో నిలబడ్డారు. మా అక్కని ఎవరూ అడగలేదు. అడగకుండా తీసుకున్నదానికి "అంచె" అని అందమైన పేరు పెడితే, దానిలోని అన్యాయం కనపడకుండా పోతుంది. మన ఇళ్ళల్లో ఆగిపోయిన చదువుల్లో ఎక్కువ ఆడపిల్లలవే. అది యాదృచ్ఛికం కాదు. కాబట్టి త్యాగమూర్తి అని దండ వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఇంకొక తప్పించుకునే దారి కూడా ఉంది. "తీసుకున్నది ముందు తరానికి ఇస్తున్నాం, అలా బాకీ తీరుతుంది" అంటాం. పెద్దలు పితృఋణం సంతానంతో తీరుతుందన్నారు, దాన్ని మనం బాగా వాడుకుంటాం. నా కూతురికి పియానో పాఠాలు చెప్పిస్తే మా అక్క పాలిటెక్నిక్ సీటు బాకీ ఎలా తీరుతుంది? ముందుకి ఇవ్వాల్సింది ముందుకి ఇవ్వాలి, వెనక్కి ఇవ్వాల్సింది వెనక్కే ఇవ్వాలి. మొదటిది చేస్తున్నామని రెండోది కొట్టివేయడం గణితంలో కూడా తప్పే.

రిలే దగ్గర నాకు నచ్చింది పరుగు కాదు, పరుగయ్యాక జరిగేది. మొదట పరిగెత్తిన పిల్ల తన వంతు అయిపోయిందని ఇంటికి వెళ్ళిపోదు. స్వెట్టరు వేసుకుని, చలికి చేతులు నలుపుకుంటూ గీత దగ్గరే నిలబడుతుంది. చివరిది వచ్చేదాకా ఆ పిల్ల పందెంలోనే ఉన్నట్టు లెక్క. ఫలితం చదివేటప్పుడు నాలుగు పేర్లూ చదువుతారు. పతకం వస్తే, అరగంట క్రితమే పరుగాపేసిన పిల్ల కూడా బల్ల ఎక్కుతుంది. గీత దాటింది నేను కదా అని నాలుగోది ఒక్కతే ఎక్కితే అందరూ నవ్వుతారు.

మన ఇళ్ళల్లో నాలుగోవాడు ఒక్కడే బల్ల ఎక్కుతాడు, ఎవరూ నవ్వరు.

ఇక్కడి బళ్ళలో పిల్లలకి మావోరీ పద్ధతిలో తమని పరిచయం చేసుకోవడం నేర్పుతారు. ముందు కొండ, తర్వాత నది, తర్వాత వాళ్ళ పూర్వీకులు వచ్చిన పడవ, తెగ, చిట్టచివర తన పేరు. మనమూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత చెప్పేవాళ్ళమే. విదేశీ దరఖాస్తుల్లో అది తలకిందులై, ఇంటిపేరు కాస్తా 'లాస్ట్ నేమ్' అయిపోయింది. ఇంటిపేరు తిరిగి ముందుకి తెచ్చినంత మాత్రాన సరిపోదు. పెళ్ళయిన మా అక్కకి ఇప్పుడు ఆ ఇంటిపేరు కూడా లేదు. చెప్పవలసింది ఆవిడ పేరు, ఆవిడ కుట్టిన జాకెట్లు, ఆవిడ వదులుకున్న సీటు.

నాన్న ఇల్లు పంచుకునే మాట వచ్చినప్పుడు నా వాటా కూడా అక్క పేరనే రాయించాను. బంధువుల్లో కొందరు "ఎంత మంచి మనసో!" అన్నారు. మనసు సంగతి కాదండీ, హాస్టలు బిల్లు సంగతి, అన్నాను. రెండేళ్ళ కుట్టుకూలి, దాని మీద ముప్ఫై ఏళ్ళ వడ్డీ కడితే ఆ వాటా విలువ ఏపాటిదో లెక్కవేసుకోవచ్చు. సీటు విలువ అందులో కలపలేదు, కలిపే పద్ధతి నాకు తెలియదు.

ఆ తండ్రితో తర్వాత ఇవన్నీ మాట్లాడాను. ఆయన మొత్తం ఒప్పుకోలేదు. "మూడోవాడికి ఇంకో నెల సాధన చేయించాల్సింది" అన్నాడు. అది సరైన మాటే. ఆ పిల్లాడిని జట్టులోంచి తీసెయ్యమనడం కన్నా చాలా సరైన మాట. కాసేపాగి, వాళ్ళన్నయ్య పొలం అమ్మి తనని ఇంజనీరింగు చదివించిన సంగతి తనంతట తనే చెప్పాడు. నాకు ఆయన ఎనిమిదేళ్ళుగా తెలుసు. అన్నయ్య ఒకాయన ఉన్నాడని వినడం అదే మొదలు.