తథాస్తు దేవతలు వింటారని లెక్క మానేయాలా?

మా పదవ తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత అనే పాఠం ఉంది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత, పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంత అని లెక్కలు చేస్తాం. ఒక సాయంత్రం ఆ పాఠం చదువుతూ నేను ఇంట్లో ఒక ప్రశ్న అడిగాను. "నాయనా, నువ్వు పని మానే వయసు వచ్చేలోగా నీ చేతికి ఏమన్నా అయ్యే అవకాశం ఎంత?"

అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. "దీపాలు పెట్టే వేళ ఏం మాటలే అవి! పైన తథాస్తు దేవతలు తిరుగుతా ఉంటారు" అని కసిరింది. నాయన ఏమీ అనలేదు. టీ తాగి షిఫ్టుకు వెళ్లిపోయాడు.

నా ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. మాది హోసూరు. మా తాతల కాలంలో రాగి చేలే బతుకు. సిప్‌కాట్ వచ్చాక చాలా ఇళ్ల నుంచి ఫ్యాక్టరీలకు పోతున్నారు. మా నాయన బండ్ల విడిభాగాలు చేసే ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ నడుపుతాడు. రేకును అచ్చు మీద పెట్టి ప్రెస్ దించితే ఒక్క దెబ్బకు భాగం తయారవుతుంది. మా వీధిలో ఒక మామ కూడా ఆ పనే చేసేవాడు. రెండేళ్ల కిందట ఆయన కుడిచేతి రెండు వేళ్లు ప్రెస్ కింద పోయాయి.

అలాంటిది మనకు జరిగే అవకాశాన్ని ముందే లెక్క వేయడం తప్పా? ఇదే నా వ్యాసంలోని ప్రశ్న.

తప్పు అనేవాళ్ల మాటలో ప్రేమ ఉంది. అది నాకు తెలుసు. చెడు పలకకూడదు, మంచి కోరుకోవాలి అంటారు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు" అని కూడా అంటారు. నిజమే, ఏ రోజు ఎవరికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ వాన ఏ రోజు వస్తుందో తెలియకపోయినా రైతు వానాకాలానికి ముందే కప్పు సరిచేసుకుంటాడు కదా! కప్పు సరిచేసినంత మాత్రాన ఆయన తుఫానును కోరుకున్నట్టు కాదు.

లెక్క వేయకపోతే మనం ఎలా మోసపోతామో చెబుతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే నూటికి ఇద్దరికి కొంచెం ఎక్కువ. ఇది చూసి, నూటికి ఇద్దరే కదా, మనకెందుకు వస్తుంది అనుకుంటాం. కానీ అది ఆ సమయానికి లెక్కలోకి వచ్చినవాళ్ల సంఖ్య. ఒక మనిషి పనిలో ఉండే ఏళ్లన్నిటిలో ఎంత అవకాశం అన్నది వేరే ప్రశ్న. ఉదాహరణకు ఒక పనిలో ఏడాదికి 200 మందిలో ఒకరికి పెద్ద దెబ్బ తగులుతుంది అనుకుందాం. ఇది నేను అనుకున్న సంఖ్య మాత్రమే. ఒక ఏడాదికి చూస్తే చాలా చిన్నది. అదే మనిషి 40 ఏళ్లు ఆ పని చేస్తే, దెబ్బ తగలకుండా బయటపడే అవకాశం 199/200ను 40 సార్లు గుణించాలి. సుమారు 0.82 వస్తుంది. అంటే నూటికి 18 మందికి ఏదో ఒక రోజు దెబ్బ తగులుతుంది. చిన్న ప్రమాదం రోజూ పక్కనే ఉంటే చిన్నదిగా ఉండదు. పైగా ఇది మిషన్ లెక్క మాత్రమే. పక్షవాతం, షుగర్ వల్ల కాలు తీసేయడం, రోడ్డు ప్రమాదం ఇందులో లేవు.

అయితే లెక్కలో ఒక అపాయం కూడా ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, ఒక చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం అని అందులో రాశారు. డబ్బు ఇప్పించడానికి ఆ పట్టిక కావాలి, కాదనను. కానీ మా వీధి మామ సంగటి ముద్ద విరవడానికి పడే కష్టం ఆ 20లో లేదు. కొడుకు స్కూలు చొక్కాకు బొత్తాలు పెట్టలేక పక్కకు తిరిగి నిలబడతాడు, అదీ లేదు. మనిషిలో 20 శాతం తగ్గిందని ఎవరన్నా అనుకుంటే అది లెక్క కాదు, అవమానం.

కాబట్టి లెక్క ఎవరి కోసం వేస్తున్నాం అన్నదే ముఖ్యం అని నాకు అనిపిస్తుంది. పని చేయించేవాడు "200 మందిలో ఒకడే కదా" అనుకుంటే అదే లెక్క పాపం అవుతుంది. మాకు 200 మంది నాయనలు లేరు, ఒక్కడే. ప్రెస్‌కు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే అది దిగుతుంది. చేయి లోపల ఉండకూడదని ఆ ఏర్పాటు. కానీ పీసులు ఎక్కువ రావాలని కొన్ని చోట్ల ఒక బటన్‌ను టేపు వేసి అదిమి పెడతారట. అక్కడ ప్రమాదాన్ని పెంచింది విధి కాదు, మనిషి. తథాస్తు దేవతల మీద భారం వేస్తే ఆ టేపు ఎవరి కంటికీ కనపడదు.

లెక్క వేస్తే చేయాల్సిన పనులు కూడా కనపడతాయి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడికి ఇ.ఎస్.ఐ. ఉంటుంది. కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం. 12,000 జీతానికి 90 రూపాయలు. కానీ పేరు నమోదై ఉండాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో ఒక చేయి గానీ కాలు గానీ పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష రూపాయలు వస్తుంది. రెండు వేళ్లు పోతే రాదు. ఇవన్నీ ముందే తెలుసుకోవాలి. ఇల్లు కాలాక బావి తవ్వి ఏం లాభం?

చెడును కోరుకోవడం వేరు, చెడును చూసి జాగ్రత్తపడటం వేరు. మనం ప్రేమించేవాళ్ల ప్రమాదాన్ని మనమే లెక్క వేయకపోతే, వాళ్లను ప్రేమించనివాళ్లు ఆ లెక్క వేస్తారు. అందుకే నేను లెక్క వేయడం తప్పు కాదని, వేయకపోవడమే తప్పని అనుకుంటున్నాను. ఇది చదివే తోటి విద్యార్థులు కూడా ఇంట్లో ఒకసారి అడగండి. దీపాలు పెట్టే వేళ కాకుండా పొద్దున పూట అడగండి, తిట్లు తక్కువ పడతాయి.

పోయిన వారం అమ్మే బ్యాంకుకు పోయి ఆ 20 రూపాయల ఫారం తెచ్చింది. నాయన సంతకం పెట్టాడు. "మీ ప్రెస్‌కు రెండు బటన్లూ పనిచేస్తాయా నాయనా?" అని అడిగాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. నేను మళ్లీ అడుగుతాను.