మాటకు ముందున్న వాక్కు

మానవుని ఔన్నత్యానికి వాక్కే ప్రధాన లక్షణమని మన పెద్దలు భావించారు. అయితే వాక్కు అబ్బని ప్రాణికి చెప్పుకోవలసినది ఏదీ ఉండదా? ఇది తత్త్వశాస్త్రానికే పరిమితమైన ప్రశ్న కాదు. ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

పసికందు తన ఆకలిని, భయాన్ని, నొప్పిని ఏడుపుతోనే తెలియజేస్తుంది. నవజాత శిశువు పరాయి స్త్రీ కంఠంకంటె తల్లి కంఠాన్నే వినగోరుతుందని 1980లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. గూటికి దూరమైన ఎలుక పిల్లలు మన చెవికి అందని ధ్వనితో తల్లిని పిలుస్తాయి. మనకది నిశ్శబ్దం, తల్లికి మాత్రం పిలుపు.

శిశువులో కనిపించే హర్ష భయ శోకాలను, స్తన్యాభిలాషను ఆధారం చేసుకొని న్యాయసూత్రకారుడు పూర్వజన్మను ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతాన్ని అంగీకరించినా, అంగీకరించకపోయినా ఒక విషయం గమనార్హం. మాటలు రాని శిశువు చేష్టలను ఆయన అనుమానానికి తగిన హేతువుగా స్వీకరించాడు.

ఆధునిక వైద్యం చాలాకాలం ఈపాటి విశ్వాసాన్ని చూపలేదు. నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదన్న భావనతో, ఇరవయ్యవ శతాబ్దపు ఎనిమిదవ దశకం వరకు అనేక దేశాలలో నామమాత్రపు మత్తుతోనే వారికి శస్త్రచికిత్సలు జరిగేవి. భారతీయ సంతతికి చెందిన వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన పరిశోధనలు ఆ భావనను పూర్వపక్షం చేశాయి. తగిన మత్తు పొందిన శిశువులలో శస్త్రచికిత్సానంతర ఉపద్రవాలు తగ్గాయి.

మూగజీవాల విషయంలో ఇదే ప్రశ్న ఢిల్లీలో పార్లమెంటు ముందుకు వచ్చింది. 1952లో రాజ్యసభకు నామనిర్దేశితురాలైన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింస నివారణకై అనధికార బిల్లును ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే శాసనం తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇచ్చారు. ఆ ఫలితమే 1960 నాటి చట్టం. దాని ననుసరించి 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ మండలి నేడు రాజధాని ప్రాంతంలోని బల్లభ్‌గఢ్ నుండి పనిచేస్తున్నది.

మన భావాలనే వాటికి అంటగడుతున్నామన్న ఆక్షేపణ లేకపోలేదు. అది త్రోసివేయదగినది కాదు. తల్లి సైతం కొన్నిసార్లు ఆకలి ఏడుపును నిద్ర ఏడుపుగా భ్రమిస్తుంది. కాని పాలు పట్టినా ఏడుపు ఆగకపోతే మరొక కారణం వెతుకుతుంది. పొరబడే అవకాశం పరిశీలనను మరింత శ్రద్ధగా సాగించడానికి కారణం కావాలే గాని, దానిని విడిచిపెట్టడానికి కాదు. చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి నిదర్శనం కాదని, ఇది మనిషికీ ఇతర ప్రాణికీ సమానమేనని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచన వివరణలో స్పష్టం చేసింది.

పరిపాలన సాధారణంగా అర్జీ అందినప్పుడు కదులుతుంది. అర్జీ పెట్టుకోలేని వారి పట్ల మాత్రం, ముందుగా వెళ్లి చూడవలసిన బాధ్యత మాటలు వచ్చిన మనదే.