ఇంట చేయు పనియు పనియే



అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో మనకు ఒక ఇల్లు కనబడుచున్నది. యూదులందరు రోమాను విడిచిపోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినందున అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు కొరింథునకు వచ్చి కాపురముండిరి. వారు డేరాలు కుట్టువారు. పౌలుకును అదే వృత్తి గనుక అతడు వారియొద్ద ఉండి కలిసి పనిచేసెను.

2020 మార్చిలో కరోనా తెగులువలన దేశమంతయు మూయబడినప్పుడు, మన ప్రాంతపు బిడ్డలును బెంగుళూరు, హైదరాబాదు, చెన్నైలనుండి ఇండ్లకు తిరిగి వచ్చిరి. కొందరు తమ కంప్యూటరు పనినికూడ వెంట తెచ్చుకొనిరి. పిమ్మట అనేకులు మరల వెళ్లిరి. కొందరు ఊరనే ఉండి పని చేయుచున్నారు. ఇంటినుండి చేయు పనిని, ముఖ్యముగా స్త్రీల కొరకు, ప్రోత్సహింతుమనియు, పట్టణములలోను మండలములలోను పదిమంది కూర్చుండి పనిచేయు స్థలములు కట్టువారికి సహాయము చేయుదుమనియు 2025లో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను. వానను నమ్ముకొన్న ఈ మెట్టసీమలో, ఒంటిమిట్టవంటి ఊరు విడువకుండ దొరకు జీతము చిన్న మేలు కాదు.

అయితే కట్టడములకంటె ముందు మన చూపు మారవలెను. ఇంట పనిచేయు కుమారునితో, "ఊరకే కూర్చున్నావు గదా, చేనికి నీళ్లు కట్టి రా" అనుచున్నాము. కోడలికైతే పొయ్యియొద్ద ఒక పని, కంప్యూటరు ముందర ఒక పని. రెండు బరువులును ఆమె మీదనే. లేఖనమైతే ప్రిస్కిల్ల పేరును కొన్నిచోట్ల భర్త పేరుకంటె ముందుగా చెప్పుచున్నది. ఆమె కష్టమును దేవుడు లెక్కలోనికి తెచ్చెను; మనమును తేవలెను.

కాబట్టి మూడు సంగతులు చేయుదము. ఒకటి, పనిగంటలలో ఆ బిడ్డలను వేరే పనికి పిలువక, ఇంటి పనిని అందరమును పంచుకొందము. రెండు, ఇండ్లు ఇరుకైనచోట, వారమంతయు తాళము వేసియుండు మన మందిరపు గదిని తెరచి, ఒక బల్లయు కరెంటును ఇచ్చి, ఏ కులమువారైనను ఏ మతమువారైనను కూర్చుండి పనిచేయనిత్తము. మూడు, పనిచేయు బిడ్డలారా, అధికారి ఎదుట లేడని పనిలో తక్కువ చేయకుడి. రాత్రింబగళ్లు దానికే దాసులునుకాకుడి. పౌలు ప్రతి విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లెను గదా.

తరువాత అకుల ప్రిస్కిల్లల యింట సంఘము కూడుకొనుచు వచ్చెను (రోమా 16:5, 1 కొరింథీ. 16:19). కష్టజీవికి చోటిచ్చిన యింటిలో దేవుని సంఘమునకును చోటు దొరికెను. మన యిండ్లును, మన మందిరములును అట్టివగును గాక. ఆమేన్.